గోల్ కొట్టని అమ్మాయికి ఒక కప్పు

(కాలిఫోర్నియా, శాన్ హోసేలో తెలుగు పిల్లల ఆటల పోటీల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎండలో ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న తల్లిదండ్రులకు, మోకాళ్ల మీద గడ్డి మరకలతో ముందు వరుసలో ఉన్న పిల్లలకు నమస్కారం. ఆటలు, ఆరోగ్యం అనే అంశం మీద అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చిన కాగితం సంచిలోనే ఉంది. ఇందాక బహుమతుల బల్ల చూశాక దాన్ని బయటికి తీయబుద్ధి కాలేదు.

ఫుట్‌బాల్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవారికి కప్పు ఉంది. గోల్‌కీపరుకు కప్పు ఉంది. గోల్ పడకుండా వెనక కాచే డిఫెండర్‌కు లేదు. నిరుడూ లేదు, అంతకు ముందూ లేదు. నిర్వాహకులు నా స్నేహితులే, కష్టపడి ఈ పోటీలు జరుపుతున్నారు. అయినా ఈ మాట ఇవాళ ఇక్కడ అనకుండా ఇంటికి వెళ్లలేను.

నయోమి గిర్మా పేరు మీలో ఎంతమంది విన్నారు? పిల్లలందరూ చేతులెత్తారు. పెద్దలకు చెబుతాను. మన శాన్ హోసే అమ్మాయే, 2000లో పుట్టింది. తల్లిదండ్రులు ఇథియోపియా నుంచి వచ్చినవారు. వారాంతాల్లో ఇథియోపియా కుటుంబాలు ఒకచోట చేరేవి, పిల్లలు బంతి ఆడుకునేవారు. ఆ ఏర్పాట్లు చూసుకున్నవారిలో ఆమె తండ్రి ఒకరు. అంటే అచ్చంగా మన ఈ మైదానం లాంటిదే. ఆమె బంతితో మొదటి అడుగులు వేసింది అలాంటి చోటే. అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టులో డిఫెండర్‌గా చేరింది. స్టాన్‌ఫర్డ్ అనగానే చాలామంది నిటారుగా కూర్చున్నారు. చదువు మాట తర్వాత. ముందు ఆట సంగతి వినండి.

కాదు, ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయి ఆరేళ్లు డిఫెండర్‌గా ఆడింది. శనివారం ఆట ముగిసి కారెక్కగానే నేను అడిగే మొదటి ప్రశ్న, “ఎన్ని గోల్స్ కొట్టావు?” “నేను డిఫెండర్‌ని కదమ్మా” అనేది. మరుసటి శనివారం మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. ఒక ఆటలో మాత్రం తను ఏం చేస్తుందో కళ్లారా చూశాను. ఆఖరి నిమిషాలు. అవతలి జట్టు అమ్మాయి మా గోల్‌కీపరును దాటేసింది. ఎదురుగా ఖాళీ గోల్, బంతి దొర్లిపోతోంది. మా పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో, పడిపోతూనే కాలు చాచింది. గీత దాటబోయిన బంతి పక్కకు పోయింది. లేచేసరికి ఎడమ మోకాలు దోక్కుపోయి, నెత్తురు మేజోడులోకి దిగుతోంది. మా వైపు కుర్చీల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ కొట్టలేదు. ఆ సాయంత్రం కూడా కారులో అదే ప్రశ్న అడిగాను. తను జవాబు చెప్పలేదు. సీటు బెల్టు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. పదకొండో తరగతిలో ఆట మానేస్తానంది. పరీక్షలు దగ్గరపడ్డాయి, మంచిదేలే అన్నాను. ఆ బూట్లు ఇప్పటికీ మా గ్యారేజీలో ఉన్నాయి.

ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ ఆట. 2019 డిసెంబరులో కళాశాలల జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఈ ఊళ్లోనే జరిగింది. ఎదుటి జట్టు నార్త్ కరోలినా. అదనపు సమయం కూడా అయిపోయింది, ఎవరికీ ఒక్క గోల్ పడలేదు. చివరికి గోల్‌కీపరుకు ఎదురుగా ఒక్కొక్కరే వచ్చి కొట్టే పెనాల్టీలలో స్టాన్‌ఫర్డ్ 5-4తో గెలిచింది. గోల్ పడనివ్వకుండా అంతసేపు కాచినవాళ్లు లేకపోతే పెనాల్టీల దాకా వచ్చేదా? ఆ రోజు రెండు పెనాల్టీలు ఆపిన గోల్‌కీపరు కేటీ మేయర్, నయోమికి ప్రాణస్నేహితురాలు.

మరుసటి ఏడాది నయోమి మోకాలి లిగమెంటు తెగింది. కోలుకుంది, చదువు పూర్తి చేసింది. ప్రొఫెషనల్ లీగ్ ఎంపికల్లో శాన్ డియేగో వేవ్ జట్టు అందరికన్నా ముందు ఆమెనే తీసుకుంది. అడుగుపెట్టిన 2022లోనే లీగ్‌లో ఉత్తమ డిఫెండర్. ఆ ఏడాదే దేశం జట్టులోకి వచ్చింది.

ఆ ఏడాది మార్చిలోనే కేటీ తన ప్రాణం తానే తీసుకుంది. పిల్లలున్నారని తెలిసే చెబుతున్నాను. 2023 ప్రపంచ కప్పుకు వెళుతూ నయోమి, జట్టులోని స్నేహితులు కేటీ పేరున యువ క్రీడాకారుల మానసిక ఆరోగ్యం కోసం పని మొదలుపెట్టారు. అమ్మలారా, నాన్నలారా, ఇవాళ కారెక్కాక గోల్స్ లెక్క అడగకండి. ఎలా ఉన్నావు నాన్నా అని అడగండి. జవాబు రాకపోతే కారు కాసేపు పక్కన ఆపండి. నేను ఆపలేదు.

పారిస్ ఒలింపిక్స్ చూశారు కదా, 2024. నయోమి ఆడిన అమెరికా జట్టు క్వార్టర్ ఫైనల్లో జపాన్ మీద 1-0, సెమీ ఫైనల్లో జర్మనీ మీద 1-0, ఫైనల్లో బ్రెజిల్ మీద 1-0. గోల్ కొట్టినవాళ్ల పేర్లు మనకు గుర్తున్నాయి. ఆ మూడు సున్నాలు ఎవరివి? తాను చూసిన డిఫెండర్లలో నయోమే గొప్ప అని ఆ జట్టు కోచ్ ఎమ్మా హేస్ అన్నారు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య ఏటా ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం 2023కు నయోమికి దక్కింది. అంతకు ముందు ఆ పురస్కారం ఏ డిఫెండర్‌కూ రాలేదు. అంత పెద్ద సమాఖ్యకే అన్నేళ్లు పట్టింది. 2025 జనవరిలో లండన్ జట్టు చెల్సీ ఆమె కోసం 11 లక్షల డాలర్లు చెల్లించింది. మహిళా ఫుట్‌బాల్‌లో ఒక క్రీడాకారిణి బదిలీకి పది లక్షల డాలర్లు దాటడం అదే మొదటిసారి. గోల్స్ కొట్టే అమ్మాయికి కాదు, ఆపే అమ్మాయికి!

గంట కొట్టకండి, అయిపోయింది. మధ్యాహ్నం విరామంలో పక్క వీధి దుకాణానికి వెళ్లి ఈ చిన్న కప్పు కొన్నాను. దీని మీద పేరు చెక్కించడానికి వేళ లేకపోయింది. పన్నెండేళ్ల లోపు బాలికల ఫైనల్లో ఓడిన జట్టు వైపు, పసుపు చొక్కా, రెండు జడలు, వెనక అయిదో నంబరు. రెండో సగంలో మూడుసార్లు బంతిని గీత దగ్గర ఆపింది. అమ్మా, నిన్నే, వెనక్కి చూడకు. పైకి రా.