మారిషస్‌లో వాన లెక్క

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నా టైమ్ అందులోనే అయిపోతుంది, మన్నించాలి. ప్రపంచ వాతావరణ దినం కదా, మారిషస్ గురించి చెప్పమన్నారు. మన కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఉగాదికి ఆ దేశమంతా సెలవు. కాబట్టి కాకినాడలో ఆ ఊసెత్తడం సబబే.

మారిషస్ అనగానే మీకు హనీమూన్ ప్యాకేజీ గుర్తొస్తుంది. కాసేపు బీచ్ సంగతి వదిలేయండి. అది అగ్నిపర్వతాలు కట్టిన దీవి. దక్షిణాన 20 డిగ్రీల అక్షాంశం దగ్గర, చుట్టూ పగడపు దిబ్బలు, నడుమ పీఠభూమి. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లే. ఆ కాస్త ఎత్తే వాన లెక్కంతా మార్చేస్తుంది. ఆగ్నేయ వ్యాపార పవనాలు సముద్రం మీది తేమను మోసుకొచ్చి, ఎత్తుకు ఎక్కుతూ చల్లబడి, చాలావరకు పీఠభూమి మీదే కుమ్మరిస్తాయి. అక్కడ ఏడాదికి 4,000 మి.మీ. దాకా పడుతుంది. పడమటి తీరానికి దిగితే 900 మి.మీ. దరిదాపుల్లోనే. పైన పీఠభూమి మీది క్యూర్‌పిప్ ఊళ్లో ముసురు పట్టి ఉంటుంది, అక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా లేని రాజధాని పోర్ట్ లూయీలో, పడమటి తీరాన, ఎండ మాడ్చేస్తుంటుంది.

మరి ఆ దేశంలో వాన ఎంత? ఎవరైనా చెప్పండి. సగటు 2,000 మి.మీ. అని పుస్తకంలో ఉంటుంది. ఆ సగటు చెరకు రైతుకెందుకు? తన తోటలో ఎంత పడిందో కావాలి. అందుకే చెరకు ఎస్టేట్లు ఎవరి వాన లెక్క వాళ్లు రాసుకునేవి. 19వ శతాబ్దంలో చార్లెస్ మెల్‌డ్రమ్ అనే ఆయన రేవుకొచ్చిన ఓడల లాగ్‌బుక్కులు పోగేసి తుపాన్ల పోకడ తేల్చాడు. కొలతంటే అంత పట్టింపు!

కొలతంటే గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేను. ఈ ఆవరణలోనే, జామచెట్టు పక్కన, కంచె వేసిన రెయిన్‌గేజ్ ఉండేది. ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలు గరాటు తీసి, సీసాలో నీళ్లు కొలగ్లాసులో పోసి, కళ్లు నీటిమట్టానికి తెచ్చి చదివేవాళ్లు. ఒక్క గీత తేడా వచ్చినా కొట్లాటే! బైకుల షెడ్డు వేయాలని దాన్ని పీకేశారు. అడిగితే, ‘వాన వివరాలు ఫోన్‌లో వస్తాయి కదా మాస్టారూ’ అన్నారు. ఫోన్‌లో వచ్చేది ఎక్కడి వాన, బాబూ?

టైమైందని చీటీ పంపారు. ఒక్క సంగతి. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో కుండపోత. తుపాను కాదు, మామూలు మేఘాలే. కొన్ని గంటల్లో వీధులు కాలువలైపోయి పదకొండు మంది చనిపోయారు. అదీ ఎక్కడ? వాన తక్కువని ఇందాక నేను చెప్పిన పడమటి వైపే! ఏడాది సగటు చూసుకుని ధీమాగా ఉంటే ఏం లాభం? ఏ గంటలో, ఏ వీధిలో ఎంత పడిందన్నదే ప్రాణం మీదికి తెస్తుంది. మన జగన్నాథపురంలో వాన, ఇక్కడి వాన ఒకటేనా? మీరే చెప్పండి.

ఆ రెయిన్‌గేజ్ పారేయలేదట, విరిగిన బల్లల కింద ఉందని అటెండరు చెప్పాడు. ప్రిన్సిపాల్ గారూ, ఆ స్టోర్ రూం తాళం ఎవరి దగ్గరుందండీ?