మైకా కౌంటర్‌టాప్: అంచు ముందు, పైభాగం ఆఖర్న

[షాట్: సింక్ పక్కన ఉబ్బిన పాత కౌంటర్. వేలితో నొక్కుతారు]
మెత్తగా దిగిపోతోంది, చూశారా? పైన అతికించిన మైకా షీటు మాత్రం చెక్కుచెదరలేదు. సింక్ కోసం కోసిన అంచులోంచి నీళ్లు దిగి లోపలి ప్లైని తినేశాయి.

[షాట్: ప్లై షీటు మీద ముద్ర]
ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్లకి 25 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లై, అంటే మరిగే నీళ్లకీ విడిపోని రకం, తీసుకోండి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, ఈ రకం ప్లైకి భారతీయ ప్రమాణం అదే. చెక్కపొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు చవకే గానీ వంటింటికి వద్దు. పైన 1 ఎంఎం మైకా, అడుగున 0.8 ఎంఎం లైనర్, అంటే కిందివైపు అతికించే సాదా షీటు. కనిపించదు కదా అని లైనర్ మానేస్తే తేమ ఒకవైపే పీల్చుకుని బల్ల వంగుతుంది.

[షాట్: గమ్ము పూయడం]
కాంటాక్ట్ గమ్ము ప్లైకీ మైకాకీ రెంటికీ పల్చగా పూసి ఆరనివ్వండి. వేలితో తాకితే జిగురు తెలియాలి, వేలికి అంటుకోకూడదు. పచ్చిగా ఉండగా అతికిస్తే బుడగలొస్తాయి. దీని ఆవిరికి నిప్పంటుకుంటుంది, స్టవ్ కట్టేసి కిటికీలు తీయండి.

ముందు లైనర్, తర్వాత బల్ల అంచుకి మైకా పట్టీ. పట్టీని ప్లైతో సమంగా ట్రిమ్ చేశాకే పై మైకా. వరస తిరగేస్తే అతుకు పైకొస్తుంది, తుడిచిన ప్రతిసారీ తడి అందులోకే పోతుంది.

[దగ్గరి షాట్: ప్లై మీద అడ్డంగా వైరింగ్ పైపు ముక్కలు]
ఈ గమ్ము తాకిన చోటే పట్టేస్తుంది, సరిచేసే వీలుండదు. అందుకే అడుగుకొక పైపు ముక్క పేర్చి, అన్నివైపులా 5 ఎంఎం ఎక్కువ కోసిన మైకాని వాటి మీద పరవండి. మధ్య ముక్క లాగి అక్కడ నొక్కండి, అటూ ఇటూ ఒక్కోటీ తీస్తూ రోలర్‌తో అంచులదాకా వెళ్లండి. అంచు దాటి మిగిలింది బేరింగ్ బిట్ ట్రిమ్మర్‌తో, అంటే అంచు వెంబడి దొర్లుతూ కోసే మెషీన్‌తో, తీసేయండి. తర్వాత అంచు నునుపు చేసేటప్పుడు ఆకురాయిని కిందికే తోయండి, పైకి లాగితే మైకా పెచ్చు లేస్తుంది.

[షాట్: సింక్ కోత]
నాలుగు మూలల్లో ముందు 12 ఎంఎం బెజ్జాలు. మూల కోసుగా ఉంటే మైకా అక్కణ్ణుంచే చీలుతుంది. గీత మీద మాస్కింగ్ టేపు వేసి జిగ్‌సా అనే కరెంటు రంపంతో కోయండి. బయటపడ్డ ప్లై అంచుకి నీళ్లు దిగకుండా రెండు కోట్లు ఎపాక్సీ రెసిన్ పూయండి. ఆ పని ఎగ్గొట్టినందుకే మొదట్లో చూసిన బల్ల ఉబ్బింది.

[షాట్: కింది నుంచి స్క్రూలు]
బల్ల ఆనే క్యాబినెట్ పట్టీ మందం 19 ఎంఎం అయితే 35 ఎంఎం స్క్రూ చాలు. 50 వేస్తే మొన మైకాలోంచి బయటికొస్తుంది. గోడ దగ్గర 3 ఎంఎం సందు వదిలి సిలికాన్ నింపండి, సింక్ అంచు కిందా సిలికాన్ పూయండి. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వొద్దు.