ఆ తొమ్మిది నిమిషాలు సబ్‌స్టేషన్‌లో

శ్రోతలకు నమస్కారం.

లాక్‌డౌన్‌లో ఎవరెవరు పనిచేశారని అడిగితే డాక్టర్లు, నర్సులు, పోలీసులు, పారిశుధ్య కార్మికులు అని టకటకా చెప్పేస్తాం. చెప్పాల్సిందే. కరెంటు వాళ్లు మాత్రం చాలామందికి గుర్తు రారు. అందులో తప్పేమీ లేదు. మేం గుర్తు రాలేదంటే మా పని సరిగ్గా జరుగుతున్నట్టే. కరెంటు పోయినప్పుడు ఊరంతా మమ్మల్ని తలుచుకుంటుంది. ఎలా తలుచుకుంటుందో రేడియోలో చెప్పకూడదు.

నేనప్పుడు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. 33 వేల వోల్టుల కరెంటును 11 వేలకు దించి ఊళ్లకు పంపే చోటన్నమాట. 2020 మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. ఆ ఉత్తర్వుల్లో మినహాయింపుల కింద విద్యుత్ ఉత్పత్తి, సరఫరా, పంపిణీ అని ఒక వరస ఉంది. దానర్థం మాకు ఇల్లు లేదు, డ్యూటీయే.

సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ రీడింగులు రాయాలి. ఆ రిజిస్టరుకు దారంతో కట్టిన పెన్ను ఒకటి ఉండేది. మూడు షిఫ్టుల వాళ్లమూ దాంతోనే రాసేవాళ్లం. లాక్‌డౌన్ మొదలవగానే ఆ దారం కోసేశాం. ఇక ఎవరి పెన్ను వాళ్లదే. ఫోన్ మాత్రం ఒక్కటే కదా, రిసీవర్‌ని రుమాలుతో పట్టుకునేవాళ్లం. రిలీవర్ వస్తే అతను గేటు దగ్గర, నేను వరండాలో. "అన్నా, రెండో ఫీడర్ మీద లోడ్ ఎక్కువుంది, ఓ కన్నేసి ఉంచు" అని అరిచి చెప్పి వచ్చేసేవాణ్ని. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్లే ఒక్కో లైను, లోడంటే దాని మీద ఉన్న వాడకం. ఇంటికెళ్తే పెరట్లోనే స్నానం. ఇవన్నీ మీ ఇళ్లలోనూ జరిగినవే, వదిలేద్దాం.

నేను చెప్పాలనుకున్నది ఒక్క రాత్రి గురించి. ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు లైట్లు ఆర్పేసి దీపాలు వెలిగించమని ప్రధాని పిలుపునిచ్చారు. పిలుపు వచ్చింది శుక్రవారం పొద్దున. మధ్యలో రెండు రోజులే టైము. ఆ రెండు రోజులూ కరెంటు శాఖలో ఉన్న టెన్షన్ బయటివాళ్లకు తెలియదు.

ఎందుకు టెన్షన్? కరెంటును బియ్యంలా బస్తాల్లో నిల్వ పెట్టలేం. మీరు ఎంత వాడుతున్నారో, ఆ క్షణంలో అంతే తయారు కావాలి. ఆ లెక్క సరిపోతుంటే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉంటుంది. వాడకం ఒక్కసారిగా పడిపోతే అది పైకి ఎగబాకుతుంది. హద్దు దాటితే కరెంటు తయారుచేసే యూనిట్లు తమను తాము కాపాడుకోడానికి ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవుతాయి, అంటే వాటంతటవే ఆగిపోతాయి. దేశమంతా ఒకే గ్రిడ్, అంటే కరెంటు కేంద్రాలనూ లైన్లనూ కలిపిన ఒకే వల. మన దక్షిణాది కూడా 2013 చివరి రోజున అందులో కలిసింది. గ్రిడ్ కుప్పకూలితే ఎలా ఉంటుందో 2012 జులైలో ఉత్తరాది చూసింది. అదే లాక్‌డౌన్‌లో జరిగితే? ఆసుపత్రుల నిండా రోగులు, జనమంతా ఇళ్లలో. ఆ ఊహే భయపెట్టింది.

పైగా అప్పటికే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. మిగిలిన వాడకంలో ఇళ్లదే పెద్ద వాటా. ఆర్పమన్నది ఆ ఇళ్లలో లైట్లే.

ఏ కేంద్రం ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ల వాళ్లు వేసిన ఎత్తు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బొగ్గు యూనిట్లు అంత తొందరగా తగ్గవు, పెరగవు. జలవిద్యుత్ అలా కాదు, నిమిషాల్లో మాట వింటుంది. అందుకని సాయంత్రం నుంచీ దాన్ని పొదుపుగా వాడారు. తొమ్మిదికి కాస్త ముందు బొగ్గును తగ్గించి, జలవిద్యుత్‌ను పెంచి పెట్టుకున్నారు. లైట్లు ఆరుతున్న కొద్దీ దాన్ని దించేస్తూ రావాలి. మళ్లీ వెలుగుతుంటే ఎత్తుకోవాలి. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఆపొద్దు, లైట్లు మాత్రమే ఆపండి అని, వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయని ముందే ప్రకటించారు.

ఆ రాత్రి డ్యూటీ నాదే. లోడ్ పడిపోతే వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి, వోల్టేజీని పైకి ఎత్తిపట్టే కెపాసిటర్ బ్యాంకు ముందే ఆఫ్ చేసి ఉంచాం. ప్యానెల్ ముందు నిలబడ్డాను. తొమ్మిది ఇంకా కానే లేదు, కరెంటు ఎంత పోతోందో చూపే అమ్మీటర్ ముల్లు కదలడం మొదలైంది. మన జనానికి తొందర కదా! ఒక ఫీడర్, ఆ వెంటనే ఇంకొకటి, ముళ్లన్నీ ఎడమ పక్కకు వాలిపోతున్నాయి. బయట డాబాల మీద దీపాలు, పిల్లల కేకలు, ఎక్కడో టపాసులు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ రొద. నా పని ఏమిటంటే, ఏదీ ముట్టుకోకుండా చూస్తూ నిలబడటం. చేతులు కట్టుకుని నిలబడటం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

తగ్గుదల 12, 13 వేల మెగావాట్లు ఉండొచ్చని అంచనా వేశారు. రాత్రి 8:49కి దేశంలో 1,17,300 మెగావాట్లున్న వాడకం 9:09కల్లా 85,300కి పడిపోయింది. 32 వేలు! అంచనాకు రెట్టింపు దాటింది. లైట్లు ఆపమంటే మనవాళ్లు చేతికందిన స్విచ్చల్లా ఆపేసినట్టున్నారు. అయినా జలవిద్యుత్‌ను 25 వేల పైనుంచి 8 వేలకు దించి గ్రిడ్‌ను నిలబెట్టారు. ఫ్రీక్వెన్సీ 50.26 దాటి పోలేదు. ఎక్కడో ఆనకట్టల కింద, తలుపులు వేసుకున్న కంట్రోల్ రూముల్లో ఎవరెవరో చేసిన పని అది.

నా ముళ్లు కూడా ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. లాగ్ షీట్‌లో రిమార్కుల గడిలో 'నార్మల్' అని రాశాను. అంతకు మించి రాయడానికి ఏమీ లేదు మరి!

చప్పట్లు, దీపాలు బాగానే ఉన్నాయి. నా మటుకు నాకైతే మా లైన్‌మన్లకు అప్పుడు నాలుగు మంచి మాస్కులు ఇచ్చి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ని. ఎందుకంటే ఆ వేసవిలో గాలివానలు లాక్‌డౌన్ పాటించలేదు. చెట్టు పడితే స్తంభం ఎక్కాల్సింది వాళ్లే.

ఇక్కడ మీకు ఒక్క పని చెప్పి ముగిస్తాను. లైన్‌మన్ ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. ఆ ఫీడర్ నేను ఆపి, మళ్లీ అతను చెప్పేదాకా వెయ్యను. నా వైపు నుంచి కరెంటు రాదు. కానీ మీ వైపు నుంచి రావచ్చు. కరెంటు పోయిందని ఇంట్లోనో షాపులోనో జనరేటర్ తెచ్చి, దాని వైరును తిన్నగా ఏదో ఒక ప్లగ్గులో పెట్టేస్తారు కొందరు. ఆ కరెంటు మీ మీటరు దాటి స్తంభం ఎక్కుతుంది. స్తంభం నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. 11 వేల వోల్టులను మీకోసం దించే ట్రాన్స్‌ఫార్మరే, వెనక నుంచి ఇస్తే మళ్లీ 11 వేలు చేసి లైన్ మీదకు పంపుతుంది. పైన ఉన్నది మనిషి. లైన్‌ను ఎర్త్ చేసుకునే, అంటే నేలకు కలిపి పెట్టుకునే ఎక్కాలన్న నియమం ఉంది, నిజమే. వానలో, చీకట్లో, అవతల పది ఫోన్లు మోగుతుంటే ఆ ఒక్కటీ తప్పిన రోజు ప్రాణం పోతుంది.

దీనికి మందు చేంజోవర్ స్విచ్, అంటే బయటి లైనో జనరేటరో ఒకసారికి ఒక్కదాన్నే ఇంటికి కలిపే స్విచ్. అది ఉంటే జనరేటర్ కరెంటు మీ ఇంట్లోనే తిరుగుతుంది, బయటికి పోదు. మీ జనరేటర్ వైరు ఎక్కడికి వెళ్తోందో రేపు ఒకసారి చూసుకోండి. చేంజోవర్ లేకపోతే, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టించేదాకా దాన్ని స్టార్ట్ చెయ్యకండి.

నమస్కారం.