క్యాపు పైపొర ఎందుకు పెచ్చులూడుతుంది?

(తిరుపతిలో దంతవైద్య విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

పంటికి తొడిగిన జిర్కోనియా (చాలా గట్టి సిరామిక్) క్యాపు పగిలిందని ఎవరైనా వస్తే నోట్లో జాగ్రత్తగా చూడండి. చాలాసార్లు జిర్కోనియా చెక్కుచెదరదు. పెచ్చు ఊడేది దాని మీద పేర్చి కాల్చిన పింగాణీయే. వంచినప్పుడు అడుగు పొర, అంటే జిర్కోనియా, సుమారు 1,000 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా తట్టుకుంటుంది. పైపొర 100 దగ్గరే చేతులెత్తేస్తుంది. ప్రకటనల్లో కనిపించేది మొదటి అంకె. రోగి నమిలేది మాత్రం రెండో పొరతో.

పగులుకు బీజం తరచూ ఫర్నేసు దగ్గరే పడుతుంది. జిర్కోనియా గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. క్యాపును గబుక్కున బయటికి తీస్తే పింగాణీ పైభాగం ముందు బిగుసుకుంటుంది, లోపలిది ఇంకా వేడిగా ఉంటుంది. అది చల్లారి కుంచించుకోబోతే బిగిసిన పైభాగం పట్టి ఉంచుతుంది. ఆ లాగుడు పింగాణీలోనే ఉండిపోతుంది. పొర మందంగా ఉన్నకొద్దీ ఈ ముప్పు ఎక్కువ. టెక్నీషియన్ సోదరులారా, చివరి కాల్పులో నిదానంగా చల్లారనివ్వండి. ఆ కొద్ది నిమిషాల్ని మీ దగ్గర లాక్కునే హక్కు, త్వరగా కావాలని తొందరపెట్టే డాక్టరుకు లేదు.

కోపింగును, అంటే పింగాణీ కింద ఉండే జిర్కోనియా తొడుగును, అంతటా ఒకే మందంతో చేయడమూ తప్పే. దవడపంటి మొనల కింద ఆసరా లేక పింగాణీ లావుగా మిగిలిపోతుంది. కోపింగుకే పంటి ఆకారం ఇవ్వాలి.

మన ఊళ్లో రోగులు లడ్డూను తప్పుపడతారు. అందులోని కలకండ పలుకు గట్టిది, చిన్నది. కొరికిన బలమంతా ఒక్క చుక్క మీద పడుతుంది. కానీ పగులు ఆ రోజు పుట్టింది కాకపోవచ్చు. బర్రుతో (అరగదీసే డ్రిల్లు మొనతో) ఎత్తు తగ్గించి పాలిష్ చేయకుండా వదిలిన గీత ఉంటే, లాలాజలంలోని నీరు దాని మొనలో చేరి గాజు బంధాలను తెంచుతుంది. ప్రతి నమలుకూ పగులు కాస్త ముందుకు జరుగుతుంది.

నా మటుకు వెనక పళ్లకు పొరలు లేని జిర్కోనియానే వేయమంటాను. పొరలు ముందు పళ్లకు, అదీ పెదవి వైపు మాత్రమే చాలు.

ఊడిన పెచ్చు దొరికితే పారేయకండి. భూతద్దం కింద పగులు గీతలు వెనక్కి ఎటు చూపిస్తున్నాయో గమనించండి: నమిలే చోట అరిగిన మచ్చ వైపా, లోపలి పొర వైపా? మీరు చూసినదాన్ని కాగితం మీద రాసి, ఆ పెచ్చుతో పాటు ల్యాబుకు పంపండి.