సెవెరమ్ చేపకు ఏం పెట్టాలి, ఎంత చోటు ఇవ్వాలి: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇళ్ళలో సెవెరమ్ చేపలను పెంచుతున్నవారి సందేహాలకు ఈ వారం సమాధానాలు విందాం. చాలా ఏళ్ళు మత్స్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు మనతో ఉన్నారు. ఫోన్లు అందుకునే ముందు ఈ చేపను మా శ్రోతలకు ఒకసారి పరిచయం చేయండి మాస్టారూ.

నిపుణుడు: నమస్కారమండీ. సెవెరమ్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన, సిక్లిడ్ అనే కుటుంబపు చేప. ఏంజెల్, డిస్కస్ చేపలకు చుట్టం. దుకాణాల్లో మనకు దొరికేది ఎక్కువగా హీరోస్ ఎఫాసియేటస్ అనే జాతి. ఆకుపచ్చ రకం, గోల్డ్ రకం, ఎర్ర చుక్కల రకం అని మనం చెప్పుకునేవన్నీ దాదాపు దానివే. 1840లో హెకెల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దీనిని వర్ణించి పేరు పెట్టారు. సెవెరమ్ అన్న మాట మాత్రం దీని దగ్గరి జాతి అయిన హీరోస్ సెవెరస్ నుంచి వచ్చి దీనికి అంటుకుంది. ఆ లాటిన్ మాటకు కఠినమైనదని అర్థం గానీ, పెద్ద సిక్లిడ్లలో ఇంత నెమ్మదైన చేప నాకు మరొకటి తోచదు.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ హైదరాబాదు కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (హైదరాబాదు): నమస్కారం మాస్టారూ. మా బాబు పుట్టినరోజుకు కొత్త తొట్టి, నాలుగు గోల్డ్ సెవెరమ్‌లు కొన్నాం. ఒక్కొక్కటి ఐదు రూపాయల బిళ్ళంత ఉంది. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఇది ఎప్పటికీ సరిపోతుందని దుకాణంలో చెప్పారు. పది రోజులకే ఒక చేప పోయింది, మిగిలినవి పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి.

నిపుణుడు: అమ్మా, ఇందులో రెండు విషయాలున్నాయి, ఒకటి ఈ రోజుది, రెండోది వచ్చే ఏడాదిది. ఈ రోజుది ముందు చూద్దాం. చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి నీటిలో అమోనియా పుడుతుంది. దానిని నైట్రైట్‌గానూ, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ తొట్టికి పది రోజుల వయసే గనుక ఆ చేపలు ఇప్పుడు తమ మురికిలో తామే ఊపిరాడక ఉన్నాయి. ఈ రోజే మూడో వంతు నీరు తీసి, క్లోరిన్ పోగొట్టిన నీరు పోయండి. దుకాణాల్లో హైపో పేరుతో అమ్మే పలుకులు క్లోరిన్‌ను విరిచేస్తాయి. నాలుగు వారాల పాటు రోజు విడిచి రోజు ఇలాగే మార్చండి, తిండి సగానికి తగ్గించండి. ఫిల్టర్ స్పంజిని మాత్రం కొళాయి కింద కడగవద్దు, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి.

శ్రోత (హైదరాబాదు): మరి వచ్చే ఏడాది సంగతి?

నిపుణుడు: ఇప్పుడు బిళ్ళంత ఉన్న ఆ చేప పెరిగితే 20 సెంటీమీటర్ల పొడవు అవుతుంది, అంతకు మించినవీ ఉన్నాయి. ఎత్తైన ఒళ్ళు గనుక తిరగడానికి వెడల్పు కూడా కావాలి. చక్కగా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది. మీ తొట్టిలో పట్టేది సుమారు 56 లీటర్లు. జంట సెవెరమ్‌లకు నేను చెప్పే కనీస కొలత నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు, అంటే దాదాపు 250 లీటర్లు. అంత తొట్టికి 10 మిల్లీమీటర్ల అద్దం పెట్టించండి. అద్దం, ఇసుక, నీరు కలిపితే 330 కిలోల దాకా వస్తుంది. 75 కిలోల వడ్ల బస్తాలు నాలుగున్నర ఒకే చోట పేర్చినట్లన్నమాట. అందువల్ల పాత బల్లల మీద పెట్టకండి, ఇనుప స్టాండు చేయించి, గోడ వారగా నేల సమంగా ఉన్న చోట నిలపండి. గంటకు తొట్టి నీటికి నాలుగైదు రెట్లు తిప్పే ఫిల్టర్ ఉండాలి. అయితే నీరు సుడులు తిరిగేంత వేగం ఈ చేపకు గిట్టదు.

వ్యాఖ్యాత: తరువాత రాజమహేంద్రవరం నుంచి ఒక పెద్దాయన. నమస్కారమండీ.

శ్రోత (రాజమహేంద్రవరం): నమస్కారం. మాది నాలుగడుగుల తొట్టే, మూడేళ్ళ నుంచి రెండు ఆకుపచ్చ సెవెరమ్‌లు ఉన్నాయి. ఒకదాని తల మీద, కళ్ళ పైన, సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు పడ్డాయి. తెల్లటి పదార్థం దారంలా వేలాడుతోంది. బాగానే తింటోంది గానీ రంగు నల్లబడింది.

నిపుణుడు: మీరు ఏం పెడుతున్నారండీ?

శ్రోత (రాజమహేంద్రవరం): కోడి కాలేయం సన్నగా తరిగి పెడతాం. ఎంతో ఇష్టంగా తింటాయి. మధ్యలో ఎండు రొయ్యల పొడి.

నిపుణుడు: అంత పెద్ద చేప కదా, మాంసం పెట్టాలని అందరూ అనుకుంటారు, మీరొక్కరే కాదు. అది పుట్టిన చోటు చూస్తే విషయం తేలుతుంది. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర నది ఏటా సుమారు 10 మీటర్ల మేర పెరిగి అడవిలోకి వెళుతుంది. గోదావరి వరద మీ లంకల్లోని అరటి తోటల్లోకి వచ్చినట్లే, అక్కడ నీరు చెట్ల కొమ్మల దాకా ఎక్కి నెలల తరబడి నిలుస్తుంది. సెవెరమ్ ఆ చెట్ల మధ్య తిరుగుతూ నీటిలో రాలిన పండ్లు, గింజలు, నాచు, మెత్తని ఆకులు తింటుంది. పురుగులు దొరికితే వాటినీ వదలదు. అంటే ఇది ప్రధానంగా శాకాహారం మీద బతికే చేప. కోడి, మేక వంటి వేడి రక్తపు జంతువుల కొవ్వు దీని ఒంట్లో సరిగా ఖర్చు కాదు, కాలేయంలో పేరుకుంటుంది. పైగా తినగా మిగిలిన కాలేయపు తునకలు నీటిని ఎంత త్వరగా కుళ్ళబెడతాయో మీరు వాసన చూసే ఉంటారు.

శ్రోత (రాజమహేంద్రవరం): అవునండీ, మూడో రోజుకే నీరు పొగ కమ్మినట్లు అవుతుంది.

నిపుణుడు: ఆ గుంటలను పెంపకందారులు హోల్ ఇన్ ది హెడ్ అంటారు. పేగుల్లో ఉండే హెక్సామిటా రకం పరాన్నజీవులకు, పాత నీటికి, విటమిన్లు ఖనిజాలు తక్కువైన తిండికి దీనితో సంబంధం కనబడుతూ ఉంటుంది. ఆ తెల్ల దారం మలమే అయితే పేగుల్లో తేడా ఉన్నట్లు అనుమానించాలి. మెట్రోనిడజోల్ మందు దీనికి వాడతారు. మోతాదు తొట్టి నీటిని బట్టి మారుతుంది గనుక పశువైద్యుణ్ణి గానీ మత్స్యశాఖ వారిని గానీ అడిగి వేయండి. మందు ఒక్కటే వేసి తిండి, నీరు మార్చకపోతే నెలకే మళ్ళీ వస్తుంది. వారానికి మూడో వంతు నీరు తప్పకుండా మార్చాలి.

వ్యాఖ్యాత: మరి తిండి ఏం పెట్టమంటారు?

నిపుణుడు: రోజువారీ తిండిగా స్పిరులినా అనే నాచు కలిసిన, మెల్లగా మునిగే సిక్లిడ్ గుళికలు పెట్టండి. తొట్టి నీటిలో ఒక నిమిషం నానబెట్టి వేస్తే గాలి మింగకుండా తింటాయి. వారానికి మూడు నాలుగు సార్లు పచ్చి బఠానీలు పెట్టండి. మూడు నిమిషాలు ఉడికించి చల్లార్చి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య మెల్లగా నొక్కితే తోలు వేళ్ళకు మిగిలి పప్పు జారి బయటికి వస్తుంది. ఆ పప్పును రెండు ముక్కలు చేసి వేయండి, ఉప్పూ మసాలా తగలకూడదు. పాలకూర ఆకు వేడినీటిలో ముంచి తీసి ఒక రాయికి కట్టి వదలండి. కీర దోసకాయ చక్రం కూడా అలాగే. మొదటి నాలుగు రోజులు కాలేయం రుచి మరిగిన మీ చేపలు బఠానీని నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తాయి. జాలిపడి మళ్ళీ కాలేయం వేయకండి, ఆరోగ్యమైన చేప వారం పస్తున్నా ఏమీ కాదు. ఎండు రొయ్య, బ్లడ్ వార్మ్ అనే ఎర్ర పురుగుల వంటివి వారానికి ఒకసారి చాలు. రోజుకు రెండు పూటలు, రెండు నిమిషాల్లో అయిపోయేంతే. వారానికి ఒక రోజు అసలేమీ వేయవద్దు. మా ఇంట్లో ఆ రోజు శనివారం, మా ఆవిడతో పాటు చేపలకూ ఉపవాసమే.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఫోన్.

శ్రోత (విజయవాడ): నమస్కారమండీ. మే నెలలో తొట్టి నీరు 33 డిగ్రీలు చూపించింది. కరెంటు పోతే భయంగా ఉంటోంది.

నిపుణుడు: 25 నుంచి 29 డిగ్రీల మధ్య ఈ చేప సుఖంగా ఉంటుంది. వేడెక్కే కొద్దీ నీరు పట్టుకోగలిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టే నీరు 32 డిగ్రీలకు 7.3 కన్నా పట్టదు. అద్దపు మూత తీసి వల వేసి, నీటి పైభాగానికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. అయితే మీ ఊరి ఉక్కలో ఆ మేలు కొంచెం తక్కువగానే ఉంటుంది. మంచుగడ్డలు నేరుగా వేయకండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తప్పక దగ్గర ఉంచుకోండి, కరెంటు లేనంత సేపు తిండి వేయకండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (కరీంనగర్): సార్, నేను మొక్కల తొట్టి చేసుకున్నాను. సెవెరమ్ వేసిన వారానికి వాలిస్నేరియా మొక్క మొత్తం పోయింది. నియాన్ టెట్రా అనే చిన్న చేపలు కూడా ఇరవైలో ఆరే కనబడుతున్నాయి.

నిపుణుడు: రెండూ దాని కడుపులోనే ఉన్నాయి బాబూ. గట్టి ఆకుల అనూబియస్, జావా ఫెర్న్ వంటివి చెక్కకు కట్టి పెంచితే కొంత వరకు నిలుస్తాయి, హామీ మాత్రం ఇవ్వను. అడుగున సన్నని ఇసుక, పెద్ద చెక్క దుంగలు రెండు, దాక్కోవడానికి చాటు, ఇవి దానికి చాలు. ఎండి రాలిన బాదం ఆకులు కడిగి రెండు మూడు వేస్తే నీరు తేనీరు రంగుకు తిరిగి, చేప రంగు కూడా తేరుతుంది. తోడుగా సిల్వర్ డాలర్, జియోఫేగస్, బ్రిసిల్‌నోజ్ వంటి చేపలు వేయవచ్చు. కొట్లాడే ఫ్లవర్‌హార్న్‌ను, రెక్కలు కొరికే టైగర్ బార్బ్‌లను కలపవద్దు.

శ్రోత (కరీంనగర్): నా దగ్గర సక్కర్ చేప ఒకటి అడుగు దాటింది సార్. చెరువులో వదిలేద్దామా?

నిపుణుడు: వద్దు. అలా వదిలినవే పెరిగి డెవిల్ ఫిష్ పేరుతో చెరువుల్లో వలలు చింపుతున్నాయని మత్స్యకారులు మొత్తుకుంటున్నారు. దుకాణానికి తిరిగి ఇవ్వు, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ అమెరికాలోని డాలస్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (డాలస్): నమస్కారం మాస్టారూ. మా గోల్డ్ జంట పలక రాయి మీద రెండుసార్లు గుడ్లు పెట్టింది. రెండుసార్లూ తెల్లారేసరికి రాయి ఖాళీ.

నిపుణుడు: తల్లిదండ్రులే తినేసి ఉంటాయమ్మా. కొత్త జంట మొదటి కాన్పులను చాలాసార్లు ఇలాగే పాడు చేస్తుంది. రెండు ఆడచేపలు కలిసి గుడ్లు పెట్టడం కూడా ఉంది. ఆకుపచ్చ రకంలో మగదాని బుగ్గల మీద పురుగు పాకినట్లు గీతలుంటాయి, గోల్డ్ రకంలో అవి మసకగా ఉంటాయి గనుక వెలుతురులో పక్కనుంచి చూడండి. గుడ్లు అన్నీ తెల్లబడితే అవి ఫలించలేదని అర్థం. అసలు సెవెరస్ జాతి పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. మీది మాత్రం రాయి మీదే కాపలా కాసే జాతి గనుక రాత్రి పూర్తిగా చీకటి చేయకండి, వేరే చేపలు ఉంటే అడ్డు పలక పెట్టండి. ఇంతకూ మీరు మార్చే నీటిని ఎలా సిద్ధం చేస్తున్నారు?

శ్రోత (డాలస్): మా నాన్నగారు చెప్పినట్లు బకెట్లో ఒక రాత్రి ఉంచి పోస్తున్నాను.

నిపుణుడు: నాన్నగారు చెప్పింది మన ఊళ్ళ క్లోరిన్‌కు సరిపోతుంది. అమెరికాలో చాలా నగరాలు క్లోరిన్, అమోనియా కలిసిన క్లోరమైన్ కలుపుతాయి, అది రాత్రంతా ఉంచినా పోదు. క్లోరమైన్‌ను విరిచే మందు సీసా ఒకటి తెచ్చుకుని, బకెట్లోనే కలిపి, ఆ తరువాతే తొట్టిలో పోయండి. మూడోసారి గుడ్లు పెట్టినప్పుడు మూడు రోజులు ఆ దరిదాపులకు చేయి పెట్టకండి.