జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌లో ఒక రోజు: పాటల కంటే ముందు బూట్లు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి ఒక రెయిన్‌కోట్ కంపెనీ డబ్బులిచ్చింది. ఆ కోటు సంగతి చివర్లో చూద్దాం.

అరుణాచల్ ప్రదేశ్‌లో జీరో ఫెస్టివల్. సున్నా కాదండోయ్, ఊరి పేరే జీరో. 2012లో బాబీ హానో, అనూప్ కుట్టి మొదలుపెట్టారు, సెప్టెంబరు చివర్లో నాలుగు రోజులు... ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటివాళ్లు అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావాల్సిన అనుమతి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. గౌహతిలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నాహర్‌లగున్, అక్కణ్ణుంచి షేర్ సుమోలో నాలుగైదు గంటలు. అంతే. అసలు విషయానికొద్దాం.

బూట్లు.

నవ్వకండి. అది అపతానీ అనే గిరిజనుల వరి లోయ. మడిలో వరితో పాటే చేపలు పెంచుతారు వాళ్లు. అంటే నీళ్లు నిలిచే నేల. దానిమీద వాన, ఆపైన వేల కాళ్లు. మధ్యాహ్నానికల్లా దమ్ము చేసిన మడే! స్పోర్ట్స్ షూ వేశారా, పైన జాలీలోంచి నీళ్లు దిగుతాయి, అడుగున గాడుల్లో బురద నిండి పట్టు పోతుంది. శాండల్ అయితే బురదే లాగేసుకుంటుంది. గమ్‌బూట్లే గతి. పిక్క సగం దాకా రావాలి, మీ సైజు కంటే ఒకటి పెద్దది కొనండి. రబ్బరుకి గాలాడదు, చెమటకి తడిసిన సాక్సు మడమని ఒరిపేస్తుంది. అందుకే లోపల పల్చటి జత, పైన ఉన్ని జత. మడమకి ముందే టేపు. ఇంకో రెండు జతలు జిప్ కవర్లో.

ఇక పాటలు. వేదికలు రెండూ వెదురువే. పగలు డాన్యీ, అంటే సూర్యుడు. రాత్రి పీలో, చంద్రుడు. ఒకటి ముగిశాక రెండోది, కాబట్టి ఎవర్ని వదులుకోవాలన్న బెంగ లేదు. నాకైతే దీనికే సగం మార్కులు. మణిపూర్ తంగ్‌ఖుల్ నాగా తెగ జానపదాలు పాడే గురు రూబెన్ మషాంగ్వా, అమెరికా రాక్ బ్యాండ్ సోనిక్ యూత్ గిటారిస్టు లీ రనాల్డో... ఇద్దరూ ఇక్కడ పాడినవాళ్లే. అదీ వైవిధ్యమంటే!

స్పీకర్ల ముందుకి ఎగబడకండి, అక్కడ బేసు తప్ప మాట వినపడదు. సౌండ్ మిక్సర్ టెంటు ముందు నిలబడండి. ఇంజినీరు వినే చోటే శబ్దం సరిగ్గా కుదురుతుంది.

పొద్దు సాయంత్రం ఐదుంపావుకే గూట్లో పడుతుంది, హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందు. ఎత్తు 1,500 మీటర్ల పైనే, ఆ వెంటనే చలి. స్వెటర్ వెంట ఉండాలి, టెంటులో కాదు. ఫోన్ టార్చ్ నమ్ముకుంటే ఒక చెయ్యి పోయినట్టే, బురదలో జారితే ఆసరాకి రెండూ కావాలి. తలకి కట్టుకునే లైటు కొనండి. చేతిలో నగదు ఉంచుకోండి. పొగబెట్టిన పంది మాంసం, వెదురు కొమ్ముల కూర, అపాంగ్ అనే బియ్యపు బీరు దొరుకుతాయి.

ఒక్క రోజు పాస్ చాలా? మధ్యాహ్నం రెండుకి వెళ్లి రాత్రి దాకా ఉంటే చాలు. కానీ అంత ప్రయాణం ఒక్క రోజు కోసం చేయకండి, కనీసం రెండు రోజులుండండి.

ఇప్పుడు కోటు. కుట్లు బాగున్నాయి, లోపలికి చుక్క దిగదు. కానీ అంచు సరిగ్గా మోకాలి దగ్గర ఆగింది. కారే నీళ్లన్నీ ఎటు పోతాయి? నేరుగా బూటులోకి! కింద రెయిన్ ప్యాంటు వేసి, బూటు పైకి వదలాలి, లోపల దోపకూడదు. ఆ ప్యాంటు మాత్రం వీళ్లు అమ్మరట.