వీఆర్ కాక్‌పిట్‌లో ఖాళీ చేతులు: శిక్షణా, ఆటా?

యాంకర్: నమస్కారం. వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకుని, ఖాళీ చేతులు గాల్లో ఆడిస్తూ కంప్యూటర్‌లో విమానం నడిపే వీడియోలు ఈ మధ్య తెగ తిరుగుతున్నాయి. చేతుల కదలికను కెమెరా పట్టుకుంటుంది, దాన్నే హ్యాండ్ ట్రాకింగ్ అంటున్నారు. ఇక జాయ్‌స్టిక్ అమ్మేయొచ్చని కొందరు, అదంతా వేషమని కొందరు. విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్, ఇంట్లో కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్ పైలట్, డెవలపర్, ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. మామూలు ఇంటి పిల్లలు లక్షలు పోయకుండా పైలట్ అయ్యే దారి దొరికినట్టేనా?

ఇన్‌స్ట్రక్టర్: దొరకలేదండీ. గాల్లో స్విచ్ నొక్కితే వేలికి ఏం తగులుతుంది? రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్ పైలట్లు ల్యాండ్ అయ్యాక ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక వంగే పలకల మీట అనుకుని గేర్ మీట కదిపి చక్రాలు లేపేసేవాళ్లు. విమానం పొట్ట మీద కూలబడేది. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త...

సిమ్ పైలట్: సార్, ఒక్క నిమిషం...

ఇన్‌స్ట్రక్టర్: పూర్తి చేయనివ్వండి! రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయని ఆయన పట్టుకున్నాడు. గేర్ మీటకు చక్రం ఆకారం, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారం పెట్టించాడు. చూడకుండానే చేతికి తెలియాలి. ఇప్పుడు మీరు చేతికి ఏమీ తగలకుండా చేస్తామంటున్నారు!

సిమ్ పైలట్: ఎవరన్నారు సార్? విమానం తిప్పే స్టిక్, ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్ నా చేతిలోనే ఉంటాయి. డీసీఎస్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో ఎ-10సీ యుద్ధ విమానం నడిపితే చుట్టూ బోలెడు స్విచ్‌లు. హెడ్‌సెట్ పెట్టుకుంటే మౌస్ ఎక్కడుందో తడుముకోవాలి. దానికి బదులు చెయ్యి చాపి నొక్కుతాను, మళ్లీ థ్రాటిల్ పట్టుకుంటాను. అంతే.

యాంకర్: అంటే ఖర్చు తగ్గినట్టేగా?

సిమ్ పైలట్: ఖర్చు సంగతి కాదండీ, నేను...

ఇన్‌స్ట్రక్టర్: థ్రాటిల్ మీద ఉన్న చెయ్యినీ కెమెరా చూస్తుంది కదా? పక్కనున్న స్విచ్ దానంతటదే పడిపోతే?

సిమ్ పైలట్: పడుతుంది, నిజమే. అందుకే చెయ్యి థ్రాటిల్ మీద ఉన్నప్పుడు ట్రాకింగ్ ఆపే బటన్ ఒకటి పెట్టుకుంటారు.

ఇన్‌స్ట్రక్టర్: చూశారా! ఆపుకోవాల్సిన సౌకర్యం! (నవ్వు)

డెవలపర్: నేనొకటి చెప్పాలి. అసలు ఇబ్బంది కెమెరా చూపులో ఉంది. చేతుల కదలికను పట్టే లీప్ మోషన్ 2013లో బల్ల మీద పెట్టుకునే పరికరంగా వచ్చింది. తర్వాత దాన్ని హెడ్‌సెట్ ముందు తగిలించుకున్నారు. క్వెస్ట్ అనే వీఆర్ హెడ్‌సెట్‌లోనే 2019 చివర్లో చేతుల ట్రాకింగ్ ఇచ్చారు. అయితే మీరు తల వెనక్కి తిప్పి చూస్తే ముందున్న చెయ్యి కెమెరాకు కనపడదు. ఒక చెయ్యి ఇంకో చేతిని కప్పినా అంతే. డాగ్‌ఫైట్‌లో, అంటే విమానాలు దగ్గరగా తలపడేటప్పుడు...

యాంకర్: తల తిప్పితే పిల్లలకు వాంతులవుతాయట కదా?

డెవలపర్: అది వేరే విషయం. దృశ్యం ఆలస్యంగా మారినా, కళ్లు చెప్పేదీ చెవి లోపలి సమతుల్యం చెప్పేదీ కలవకపోయినా...

ఇన్‌స్ట్రక్టర్: మా ఇంట్లో మనవడికి ఒకసారి పెట్టాను, సోఫా పాడైంది.

యాంకర్: (నవ్వుతూ) మళ్లీ నా ప్రశ్నకే వస్తా. 2021లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ ఒక వీఆర్ సిమ్యులేటర్‌కు అనుమతి ఇచ్చింది. మరి పేద పిల్లలకు...

డెవలపర్: అది రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌ది. మంచి ఉదాహరణే. అందులో దృశ్యం మాత్రమే వీఆర్. పట్టుకునే కంట్రోల్స్ నిజమైనవి, కింద కదిలే వేదిక ఉంది. పైలట్ తన చేతులను దృశ్యంలో చూస్తూ నిజమైన మీటనే పట్టుకుంటాడు. ఇంట్లో హెడ్‌సెట్‌తో దాన్ని పోల్చకూడదు. అయితే చేతుల ట్రాకింగ్ అవసరమేనని కూడా అదే చెబుతోంది...

ఇన్‌స్ట్రక్టర్: నేను మొదటి నుంచీ అంటున్నది అదే! నిజమైన మీట కావాలి! చపానిస్...

సిమ్ పైలట్: సార్, ఆయన చెప్పింది రెండూ కలిపి. మీరు సగమే విన్నారు.

ఇన్‌స్ట్రక్టర్: సగం చాలు!

యాంకర్: సమయం అయిపోయింది. మొత్తానికి చేతికి తగలనిది శిక్షణ కాదని చర్చలో తేలింది...

డెవలపర్: తేలలేదండీ, నేను అలా అనలేదు...

యాంకర్: చిన్న విరామం తర్వాత, మన పిల్లల పైలట్ కలకు ఎంత ఖర్చవుతుందో చూద్దాం.